ఆరో రోజైనా మందు మొదలుపెట్టాల్సిందే

ఊపిరితిత్తుల వైద్యురాలి జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఫ్లూ ముదిరి న్యుమోనియాగా మారి, ఆసుపత్రిలో చేరిన వాళ్ల గురించే. రాసినవాళ్లలో చాలామంది వార్డు బయట కుర్చీలో కూర్చుని రాసినట్టున్నారు. అందుకే మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి వీటికే జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా నాన్నగారికి 72 ఏళ్లు. జలుబు, ఒళ్లు నొప్పులు, జ్వరంతో మొదలై ఆరో రోజుకి ఆయాసం వచ్చింది. ఆసుపత్రిలో చేర్చాం. ఎక్స్‌రే చూసి రెండు వైపులా న్యుమోనియా ఉందన్నారు. ఫ్లూ కావచ్చని ఒసెల్టామివిర్ మొదలుపెట్టారు. ఆ మందు 48 గంటల్లోపు వేసుకుంటేనే పనిచేస్తుందని నేను చదివాను. డ్యూటీ డాక్టరు గారిని అడిగితే "పర్లేదు, వేస్తున్నాం" అని వెళ్లిపోయారు. పైగా పరీక్ష రిపోర్టు ఇంకా రానేలేదు. జబ్బేమిటో తేలకుండానే మందు వేయడం సరైనదేనా?

జవాబు: సరైనదే. ఆ డాక్టరు రెండు నిమిషాలు ఆగి కారణం చెప్పి ఉంటే మీకు ఈ టెన్షన్ ఉండేది కాదు. ఆయన చెప్పనిది నేను చెబుతాను.

మీరు చదివిన 48 గంటల మాట నిజమే. కానీ అది ఇంట్లోనే ఉండి కోలుకునే వాళ్ల గురించి. మామూలుగా ఆరోగ్యంగా ఉండి ఫ్లూ వచ్చిన వాళ్ల మీద ఈ మందును పరీక్షించినప్పుడు, మొదటి రెండు రోజుల్లో వేసుకున్న వాళ్లకి జబ్బు సుమారు ఒక రోజు ముందు తగ్గింది. ఆలస్యంగా వేసుకుంటే అంత లాభం కనబడలేదు. ఎందుకంటే అలాంటి వాళ్లలో వైరస్ మొదటి రెండు మూడు రోజులు ఉద్ధృతంగా పెరిగి, ఆ తర్వాత దానంతట అదే తగ్గిపోతుంది.

మీ నాన్నగారి సంగతి వేరు. ఆయనకి వైరస్ గొంతు దాటి ఊపిరితిత్తుల్లోని గాలి తిత్తుల దాకా దిగింది. పెద్ద వయసు వాళ్లలో, రోగనిరోధక శక్తి తగ్గిన వాళ్లలో అక్కడ వారం దాటాక కూడా అది పెరుగుతూనే ఉండొచ్చు. ఒక కణంలో తయారైన కొత్త వైరస్ బయటపడి పక్క కణానికి వెళ్లాలంటే, తనను పట్టి ఉంచిన బంధాన్ని న్యూరామినిడేజ్ అనే ఎంజైముతో తెంపుకోవాలి. ఒసెల్టామివిర్ ఆ ఎంజైమును పనిచేయనివ్వదు. అప్పటికే పాడైన కణాలను ఈ మందు బాగుచేయలేదు, ఇంకా చెడని వాటిని మాత్రం కాపాడగలదు. అందుకే ఎంత ముందు మొదలుపెడితే అంత మంచిది. ఆరో రోజున వచ్చిన మనిషికి ఆరో రోజునే మొదలుపెట్టాలి, ఏడో రోజు దాకా ఆగకూడదు. అమెరికాలోని రెండు పెద్ద వైద్య సంఘాలు, అమెరికన్ థొరాసిక్ సొసైటీ, ఇన్‌ఫెక్షస్ డిసీజెస్ సొసైటీ, 2019లో కలిసి ఇచ్చిన మార్గదర్శకాల్లో, ఫ్లూతో న్యుమోనియా వచ్చి ఆసుపత్రిలో చేరిన పెద్దవాళ్లకి జబ్బు మొదలై ఎన్ని రోజులైనా సరే ఈ మందు ఇవ్వాలనే చెప్పాయి.

రిపోర్టు రాకుండానే వేయడం గురించి అడిగారు. ఇది నాకు బాగా దగ్గరి విషయం. 2009లో హెచ్1ఎన్1 అనే స్వైన్ ఫ్లూ ప్రపంచమంతా పాకినప్పుడు నేను పీజీ చదువుతున్నాను. ఒక రాత్రి డ్యూటీలో ఏడో నెల గర్భిణిని తీసుకొచ్చారు. జ్వరం మొదలై అప్పటికి ఐదు రోజులు. నిమిషానికి 36 సార్లు ఊపిరి తీస్తోంది, మాట మధ్యలో ఆగిపోతోంది. స్వాబ్ పంపాం. పాజిటివ్ వస్తే మందు వేద్దామన్నారు నా పై డాక్టరు. నేనూ సరేనన్నాను. రిపోర్టు రెండో రోజు సాయంత్రానికి వచ్చింది. అప్పటికి ఆమె వెంటిలేటరు మీద ఉంది. తల్లి బతికింది, బిడ్డ దక్కలేదు. ఆ రాత్రే మందు వేసి ఉంటే బిడ్డ దక్కేదని నేను గట్టిగా చెప్పలేను. కానీ ఆ రిపోర్టు కాగితం చేతికొచ్చినప్పుడు అందులో ఉన్నది మాకు అంతకుముందే తెలుసు, అయినా ఆగాం. ఆ తర్వాత ఇన్నేళ్లలో నేను రిపోర్టు కోసం మొదటి మాత్ర ఆపలేదు.

పరీక్షను బట్టి నమ్మకం కూడా మారుతుంది. పావుగంటలో తేలిపోయే ర్యాపిడ్ పరీక్ష నెగెటివ్ వచ్చినంత మాత్రాన ఫ్లూ లేదని చెప్పలేం, అది చాలా కేసుల్ని పట్టుకోలేదు. ఆర్‌టీ-పీసీఆర్ చాలా మెరుగు. ఒక్కోసారి గొంతు నుంచి తీసిన స్వాబ్ నెగెటివ్ వచ్చి, ఊపిరితిత్తుల లోపలి నుంచి తీసిన నమూనాలో మాత్రం వైరస్ దొరుకుతుంది. వెంటిలేటరు మీద ఉన్న వాళ్లకి లోపలి నమూనా పంపమనేది అందుకే. సరిగ్గా తీసిన నమూనాలో పీసీఆర్ నెగెటివ్ వచ్చి, వేరే కారణం తేలితే అప్పుడు మందు ఆపేయొచ్చు. రెండు మాత్రలు అనవసరంగా పడ్డాయని బాధ పడాల్సిన పని లేదు.

పెద్దవాళ్లకి మామూలు మోతాదు 75 మిల్లీగ్రాములు, రోజుకి రెండుసార్లు, 5 రోజులు. జబ్బు తీవ్రంగా ఉంటే ఇంకా ఎక్కువ రోజులు ఇస్తారు. నాన్నగారి వయసుకి కిడ్నీ పరీక్ష చూసి మోతాదు నిర్ణయించాలి. క్రియాటినిన్ ఎంత ఉందో డాక్టరు గారిని తప్పకుండా అడగండి. ఈ మందుతో కొందరికి వికారం, వాంతులు వస్తాయి. కడుపులో కాస్త ఏదైనా పడ్డాక ఇస్తే తగ్గుతాయి. మింగలేని వాళ్లకి ముక్కు గొట్టం ద్వారా కూడా ఇవ్వొచ్చు. "మింగడం లేదు కాబట్టి ఇవ్వలేదు" అని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోకండి, సీనియర్ డాక్టరుతో మాట్లాడండి.

ప్రశ్న: మేడమ్, మా తమ్ముడికి ఫ్లూ పాజిటివ్ వచ్చింది. ఆసుపత్రిలో ఆ మందుతో పాటు రెండు రకాల యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు ఇస్తున్నారు. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదని మీరే ఈ శీర్షికలో ఎన్నోసార్లు రాశారు. మరి ఇది అనవసరం కదా?

జవాబు: రాశాను, ఇంట్లో జలుబుకి యాంటీబయాటిక్ వాడొద్దని ఇప్పటికీ అంటాను. ఆసుపత్రిలో చేరేంత న్యుమోనియా అయినప్పుడు లెక్క మారుతుంది.

ఫ్లూ వైరస్ శ్వాసనాళాల లోపలి పొరను దెబ్బతీస్తుంది. కఫాన్ని, క్రిముల్ని పైకి నెట్టే సన్నని నూగులాంటి కణాలు ఆ పొరలోనే ఉంటాయి. అవి రాలిపోయాక, అంతవరకు ముక్కులోనో గొంతులోనో ఏ హానీ చేయకుండా ఉన్న బాక్టీరియా కిందికి దిగుతుంది. న్యుమోకాకస్, స్టెఫైలోకాకస్ ఆరియస్, గ్రూప్ ఎ స్ట్రెప్టోకాకస్ ఇందులో ముఖ్యమైనవి. 1918 నాటి మహమ్మారిలో చనిపోయిన వాళ్లనుంచి దాచి ఉంచిన ఊపిరితిత్తుల ముక్కల్ని, ఆనాటి శవపరీక్షల వివరాల్ని పరిశోధకులు దాదాపు తొంభై ఏళ్ల తర్వాత మళ్లీ పరిశీలించారు. ఎక్కువమంది ప్రాణం తీసింది వైరస్ వెనకే వచ్చిన ఈ బాక్టీరియా న్యుమోనియానే అని 2008లో ప్రకటించారు. అసలు 1892లో రిచర్డ్ ఫైఫర్ అనే శాస్త్రవేత్త ఫ్లూ రోగుల కఫంలో ఒక బాక్టీరియా చూసి, ఫ్లూకి కారణం అదేనని అనుకున్నాడు. ఇప్పటికీ దాని పేరు హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజేనే. మనుషుల్లో అసలు వైరస్ దొరికింది 1933లో. అంటే ఈ రెండూ ఎంత కలిసి తిరుగుతాయో చూడండి.

మొదటి రోజున ఎక్స్‌రే చూసి ఇది ఒక్క వైరసేనా, దాని వెనక బాక్టీరియా కూడా ఉందా అని ఎవరూ తేల్చి చెప్పలేరు. అందుకే రెండింటికీ మందు మొదలుపెడతారు. వీలైతే ముందే రక్తం, కఫం కల్చర్‌కి, అంటే బాక్టీరియా పెరుగుతుందేమో చూసే పరీక్షకి పంపుతారు. మీరు అడగాల్సిన అసలు ప్రశ్న 48 నుంచి 72 గంటల తర్వాతది: "కల్చర్‌లో ఏమైనా వచ్చిందా? రాకపోతే, తమ్ముడు కోలుకుంటుంటే, యాంటీబయాటిక్ ఆపొచ్చా?" ఈ ప్రశ్నకి మంచి డాక్టరు విసుక్కోరు. యాంటీబయాటిక్ మొదలుపెట్టడం కంటే సమయానికి ఆపడం కష్టమైన పని, దానికి ఇంటివాళ్లు గుర్తు చేస్తే మాకు సాయమే.

ఇంకో మాట, ఇది మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి. ఫ్లూలో జ్వరం తగ్గి, మనిషి లేచి కూర్చుని, రెండు రోజులు బాగున్నాడనుకున్నాక మళ్లీ చలితో జ్వరం వస్తే, కఫం పసుపుగానో రక్తపు చారలతోనో పడితే, ఊపిరి తీసినప్పుడు పక్కలో పొడిచినట్టు నొప్పి ఉంటే, అది "ఫ్లూ ఇంకా పూర్తిగా తగ్గలేదు" అని సరిపెట్టుకునేది కాదు. బాక్టీరియా దిగిందేమో అని వెంటనే చూడాలి. ముఖ్యంగా స్టెఫైలోకాకస్ అయితే గంటల్లోనే ముదురుతుంది. దానికి మామూలు న్యుమోనియా యాంటీబయాటిక్ ఒక్కోసారి చాలదు, మందు మార్చాల్సి వస్తుంది. నా వార్డులో చేరేవాళ్ల ఇంటివాళ్లని ఒక కాగితం మీద మూడు తేదీలు రాయమంటాను: జ్వరం మొదలైన రోజు, తగ్గిన రోజు, మళ్లీ వచ్చిన రోజు. మూడో తేదీ ఉందంటే నా ఆలోచన మారిపోతుంది.

ప్రశ్న: కోవిడ్ సమయంలో మా బావగారికి స్టెరాయిడ్ ఇచ్చి బతికించారు. ఇప్పుడు మా అక్కకి ఫ్లూ న్యుమోనియా. స్టెరాయిడ్ ఇవ్వమంటే ఇవ్వం అంటున్నారు. ఆక్సిజన్ మీద ఉన్న మనిషికి ఎందుకు ఇవ్వరు? బతిమాలినా వినడం లేదు.

జవాబు: మీ బాధ నాకు అర్థమవుతోంది. ఒకసారి కళ్ల ముందు ప్రాణం నిలబెట్టిన మందు మళ్లీ కావాలనిపించడం సహజం. అయినా ఈ విషయంలో నేను అక్కగారి డాక్టర్ల వైపే ఉన్నాను.

కోవిడ్‌లో ఆక్సిజన్ అవసరమైన వాళ్లకి డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ మరణాలను తగ్గిస్తుందని 2020లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్ తేల్చింది. వేలమందిని లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి చూసిన గట్టి ఆధారం అది. ఫ్లూలో అలాంటి లాభం రుజువు కాలేదు. పైగా ఫ్లూ రోగులను గమనించిన అధ్యయనాల్లో స్టెరాయిడ్ వాడిన వాళ్లలో మరణాలు, ఆసుపత్రిలో అంటుకునే ఇన్‌ఫెక్షన్లు ఎక్కువగా కనిపించాయి. జబ్బు ఎక్కువగా ఉన్న వాళ్లకే స్టెరాయిడ్ ఇచ్చి ఉండొచ్చు కాబట్టి ఆ లెక్కల్ని పూర్తిగా మందు తప్పుగా చూడలేం. కానీ స్టెరాయిడ్ వల్ల వైరస్ ఎక్కువ రోజులు ఉండిపోవడం, ఐసీయూలో ఉన్న ఫ్లూ రోగులకి ఆస్పర్జిల్లస్ అనే ఫంగస్ ఊపిరితిత్తుల్లో పట్టడం మేం చూస్తూనే ఉన్నాం. అందుకే మార్గదర్శకాలు ఫ్లూ న్యుమోనియాకి స్టెరాయిడ్‌ని మామూలుగా వాడవద్దనే అంటున్నాయి.

వేరే కారణం ఉంటే ఇస్తారు. అక్కకి ఆస్తమా ఉండి పిల్లికూతలు ఎక్కువైతే, బీపీ పడిపోయి మందులకి లేవకపోతే ఇవ్వాల్సి రావొచ్చు. ఏదైనా జబ్బుకి ఏళ్లుగా స్టెరాయిడ్ వాడుతుంటే మాత్రం ఆ సంగతి డాక్టర్లకి ఇప్పుడే చెప్పండి, దాన్ని ఉన్నట్టుండి ఆపకూడదు.

ప్రశ్న: మా ఆయన వార్డులో ఉన్నారు. వేలికి పెట్టిన మిషన్‌లో 93 చూపిస్తోంది. ఆక్సిజన్ పెంచి 100 చేయమని సిస్టర్‌ని అడిగితే అవసరం లేదంటోంది. రాత్రంతా ఆ అంకె చూస్తూ కూర్చుంటున్నాను. నేనేం చేయాలి?

జవాబు: అమ్మా, సిస్టర్ చెప్పింది నిజం. న్యుమోనియాలో చాలామందికి 92 నుంచి 96 మధ్య ఉంటే చాలు. పొగ తాగడం వల్ల ఊపిరితిత్తులు పాడైన సీఓపీడీ వాళ్లకి 88 నుంచి 92 చాలు, వాళ్లకి ఎక్కువ ఆక్సిజన్ పెడితే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మగత వస్తుంది. 100 పెడితే ఇంకో ఇబ్బంది కూడా ఉంది. లోపల జబ్బు ముదురుతున్నా అంకె మాత్రం చాలాసేపు బాగానే కనబడుతుంది.

మీరు ఆ మిషన్ మీద నుంచి చూపు తీసి ఆయన ఛాతీ మీద పెట్టండి. గడియారం చూస్తూ ఒక పూర్తి నిమిషం ఊపిరులు లెక్కపెట్టండి. ఆయన మాట్లాడుతున్నప్పుడు వద్దు, ఊరికే పడుకుని ఉన్నప్పుడు. పెద్దవాళ్లకి మామూలుగా 12 నుంచి 20 ఉంటుంది. 24, 26 అంటే గమనిస్తూ ఉండాలి. 30కి చేరితే, అంకె 94 ఉన్నా సరే, వెంటనే పిలవండి. మెడ కింది గుంట ఊపిరితో పాటు లోపలికి పోతున్నా, మాట పూర్తి చేయలేకపోతున్నా, ఎక్కడున్నదీ తెలియక తికమకగా మాట్లాడినా అంతే. ఇన్నేళ్లలో నన్ను నిద్ర లేపి సకాలంలో మంచం దగ్గరికి రప్పించింది మిషన్ల కంటే ఇంటివాళ్లే ఎక్కువ. "ఎప్పటిలా లేరు డాక్టర్" అన్న భార్య మాటని నేను ఎప్పుడూ తేలిగ్గా తీసుకోను.

మామూలు మాస్కు చాలకపోతే ముక్కులోకి నిమిషానికి 60 లీటర్ల దాకా వెచ్చని, తేమగల గాలిని పంపే హై ఫ్లో పరికరం పెడతారు. అదీ చాలకపోతే వెంటిలేటరు. వెంటిలేటరు అనగానే ఇంక ఆశ లేదనుకోకండి. ఊపిరితిత్తులు కోలుకునే దాకా ఆ శ్రమను యంత్రం మోస్తుంది. 2000లో వచ్చిన ఒక పెద్ద ట్రయల్ తర్వాత, ఇలాంటి ఊపిరితిత్తుల్లోకి ఒక్కో ఊపిరికీ తక్కువ గాలి పంపడం నేర్చుకున్నాం. మనిషి ఎత్తును బట్టి లెక్కించిన బరువుకి కిలోకి 6 మిల్లీలీటర్లు. 2013లో ఫ్రాన్స్ వైద్యుల ట్రయల్, బాగా తీవ్రంగా ఉన్న వాళ్లని రోజుకి కనీసం 16 గంటలు బోర్లా పడుకోబెడితే ఎక్కువమంది బతుకుతారని చూపించింది. బోర్లా తిప్పినప్పుడు ముఖం వాచి, చూడటానికి భయంగా ఉంటుంది. ఆ వాపు తగ్గిపోతుంది. మీవారికి ఆ అవసరం రాకూడదనే కోరుకుంటున్నాను, వచ్చినా భయపడొద్దని ముందే రాస్తున్నాను.

రాత్రి నాలుగు గంటలైనా పడుకోండి. మీ బదులు ఇంకొకరికి లెక్కపెట్టడం నేర్పండి.

ప్రశ్న: మా అత్తయ్యగారు ఫ్లూ న్యుమోనియాతో ఆసుపత్రిలో ఉన్నారు. నేను ఐదో నెల గర్భిణిని. రెండు రోజులు ఆవిడ పక్కనే ఉన్నాను. ఇప్పుడు నన్ను రావొద్దంటున్నారు. నాకేమైనా మందు కావాలా?

జవాబు: వెళ్లకండి. అత్తయ్యగారు ఏమీ అనుకోరు, అనుకున్నా తర్వాత సర్దిచెప్పుకోవచ్చు. గర్భంతో ఉన్నప్పుడు ఫ్లూ వస్తే న్యుమోనియాగా మారే ప్రమాదం ఎక్కువ. ఈరోజే మీ డాక్టరుకి ఫోన్ చేసి, చివరిసారి దగ్గరున్నది ఎప్పుడో చెప్పండి. 48 గంటల్లోపే అయితే ముందు జాగ్రత్తగా ఒసెల్టామివిర్ రోజుకి ఒకటి చొప్పున ఇవ్వొచ్చు. జ్వరమో దగ్గో మొదలైతే చికిత్స మోతాదు అదే రోజు మొదలుపెట్టాలి. ఈ మందుని గర్భిణులకి ఇస్తాం, పాలిచ్చే తల్లులకీ ఇస్తాం. ఫ్లూ టీకా వేయించుకోకపోతే అది కూడా అడగండి. దాని ప్రభావం రావడానికి రెండు వారాలు పడుతుంది కాబట్టి ఇప్పటి ప్రమాదానికి అడ్డుపడకపోవచ్చు, ఈ సీజన్‌లో మిగిలిన రోజులకీ పుట్టబోయే బిడ్డకీ పనికొస్తుంది.

ప్రశ్న: ఫ్లూ న్యుమోనియా తగ్గి డిశ్చార్జి అయి రెండు వారాలైంది. నాకు 58 ఏళ్లు. జ్వరం లేదు కానీ మెట్లెక్కితే అలసట. మళ్లీ ఎక్స్‌రే తీస్తే ఇంకా తెల్లగానే ఉంది. మందు సరిగ్గా పడలేదేమోనని భయంగా ఉంది.

జవాబు: ఎక్స్‌రే ఎప్పుడూ మనిషి కంటే ఆలస్యంగానే కోలుకుంటుంది. ఆరు వారాలు పట్టొచ్చు, పెద్ద వయసులో ఇంకా ఎక్కువ. జ్వరం లేదు, రోజురోజుకీ కొంచెం మెరుగ్గా ఉంది అంటే మందు పనిచేసినట్టే. రెండు వారాలకే తీయించాల్సిన అవసరం లేదు. మీరు పొగ తాగేవాళ్లయితే మాత్రం ఆరు వారాల తర్వాత ఒకసారి తీయించండి, ఆ తెలుపు వెనక ఇంకేదైనా ఉందేమో చూడాలి.

అలసట కొన్ని వారాలు ఉంటుంది. రోజూ కొంచెం నడవండి, మర్నాడు మరీ నీరసంగా అనిపిస్తే తగ్గించండి. ఛాతీలో బరువుగా ఉన్నా, ఎడమ చేతికి నొప్పి పాకినా, పడుకుంటే ఊపిరాడకపోయినా అలసటే అనుకుని ఇంట్లో ఉండిపోకండి. ఫ్లూ నిర్ధారణ అయిన మొదటి 7 రోజుల్లో గుండెపోటు వచ్చే అవకాశం మామూలు రోజుల కంటే సుమారు ఆరు రెట్లు ఉంటుందని 2018లో కెనడా పరిశోధకులు చూపించారు. మీకు ఆ వారం దాటింది, అయినా మీ వయసులో ఈ లక్షణాలు వస్తే ఈసీజీ తీయించాల్సిందే. బీపీ, షుగరు మందులు ఆసుపత్రిలో ఏవైనా ఆపి ఉంటే, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో డిశ్చార్జి కాగితంలో రాసి ఉందో లేదో ఇవాళే చూసుకోండి. రాయకపోతే ఆ కాగితం పట్టుకుని వెళ్లి అడగండి.